లేచిన బిడ్డకు అన్నము



మా సంఘములో ఆదివారపు గంట కొట్టు యువకుడొకడు కలడు. వయస్సు 30 ఏండ్లకు దగ్గర. అతడు గంట త్రాడును ఎడమచేతితోనే లాగును. కుడిచేయి అంతగా స్వాధీనములో లేదు. పండ్రెండు దెబ్బలు కొట్టవలెనన్న లెక్క అతని మనస్సున నిలువదు. అందుచేత వాని తల్లి ప్రతి ఆదివారము పండ్రెండు చింతపిక్కలు లెక్కపెట్టి చొక్కాజేబులో వేసి పంపును. ఒక్కొక్క దెబ్బ కొట్టి, ఆగి, ఒక్కొక్క పిక్క తీసి గోడమీద పెట్టును. పిక్కలు అయిపోగానే త్రాడు వదలివేయును. ఆ కారణముచేత మా గంట బహు నిదానముగా మ్రోగును. మా యూరికి క్రొత్తగా వచ్చినవారు విని, ఎవరైన చనిపోయిరా అని అడుగుదురు. ఎవరును చనిపోలేదు, ఒకడు బ్రతికెను అని మావారు జవాబిత్తురు.

ఆ గంట వెనుక నేను చేసిన తప్పులు రెండు ఉన్నవి. వాటిని వ్రాయుటకు చాలకాలము సిగ్గుపడితిని. కాని పల్లెలలో నావంటి కాపరులు అనేకులు గలరు. ఆ పిల్లవాని తల్లివంటి తల్లులును గలరు. వారికొరకు వ్రాయుచున్నాను.

అది 2003వ సంవత్సరము. అనకాపల్లి అవతల, శారదానది నీటితో వరియు చెరకును పండించు ఒక పల్లెలో నేను సేవచేయుచుంటిని. సెమినరీ చదువు ముగించి వచ్చి ఎన్నో ఏండ్లు కాలేదు. ఆ వేసవి చివర కరీంనగరు, వరంగల్లు జిల్లాలలో పిల్లలు జ్వరము వచ్చి, ఒకటి రెండు దినములలోనే తెలివితప్పి చనిపోవుచున్నారని పత్రికలలో వార్తలు వచ్చుచుండెను. ఆ యేడు జూను మొదలు ఆగస్టు వరకు 329 మంది పిల్లలకు ఆ జబ్బు సోకెననియు, వారిలో 183 మంది మరణించిరనియు తరువాత శాస్త్రజ్ఞులు లెక్క తేల్చిరి. దానికి చాందీపురా అను వైరస్ కారణమని కనుగొనిరి. 1965లో నాగపూరు దగ్గరి చాందీపురా గ్రామములో మొదట దొరికినందున దానికి ఆ పేరు. దోమకంటె చిన్నదైన ఇసుక ఈగ దానిని మోసికొనివచ్చును. ఈ వార్తలను నేనే మందిరపు అరుగుమీద చదివి వినిపించితిని. అది మనవైపు జబ్బు కాదులే అనికూడ అంటిని.

ఆగస్టులో, ఊడ్పుల కాలమున, ఒక సాయంత్రము ఆ తల్లి బురద కాళ్లతోనే పరుగెత్తి వచ్చెను.

"అయ్యగారూ, మా గుంటడు పేరెట్టి పిలిస్తే పలకట్లేదండి. ఒకపాలి వచ్చి ప్రార్థన చెయ్యండి బాబూ."

పిల్లవానికి ఏడేండ్లు. రెండవ తరగతి చదువుచుండెను. రెండు దినములనుండి జ్వరము, తలనొప్పి, వాంతులు. ఆనాటి మధ్యాహ్నము తల్లినే చూచి, "నువ్వెవరు?" అని అడిగెనట. నేను వెళ్లునప్పటికి కన్నులు సగము తెరచి మూలుగుచుండెను. మోకరించి ప్రార్థన చేసితిని. సంఘపెద్ద ఒకాయన నా ప్రక్కకు వచ్చి మెల్లగా, "పట్నం తీసుకుపోదుమా అయ్యగారూ? వెనక వీధిలో జీపుంది" అనెను.

"రాత్రివేళ ఎక్కడికి పోదుము? తెల్లవారనిండు. నమ్మికయుంచుడి" అని నేనంటిని.

ఆ రాత్రియంతయు పాటలు పాడితిమి, ప్రార్థించితిమి. తెల్లవారుజామున పిల్లవానికి ఫిట్సు వచ్చెను. ఒకరు తాళపుచెవుల గుత్తి వాని చేతిలో పెట్టిరి. ఒకరు ఉల్లిపాయ నలిపి ముక్కుదగ్గర పెట్టిరి. ఇంకొకరు వాత పెట్టుటకు గరిటె కాల్చుచుండిరి. అప్పుడు తండ్రి లేచి, ఎవరితోను మాటాడక, బిడ్డను భుజముమీద వేసికొని జీపున్న ఇంటివైపు నడచిపోయెను. ఆయన నన్నేమియు అడుగలేదు. నేను వెనుక పోయి జీపెక్కితిని.

ప్రార్థన చేసినందుకు నేను నేటికిని విచారపడను. దానిని జీపులో కూర్చుండి చేయక, ఇంటిలో కూర్చుండి చేసినందుకు విచారపడుచున్నాను. ఇది నా మొదటి తప్పు.

విశాఖపట్టణములోని కింగ్ జార్జి ఆసుపత్రిని మనవారు కేజీహెచ్ అందురు. 1923లో తెరచిన ఆ ఆసుపత్రికి మన ఉత్తరాంధ్ర జిల్లాలనుండియే గాక ఒడిశానుండియు, ఛత్తీస్‌గఢ్‌నుండియు బీదలు వచ్చుచుందురు. అక్కడి డాక్టరుగారు పిల్లవాని కన్నులలో దీపము వేసి చూచి, "తెలివి తప్పి ఎంతసేపైనది?" అని అడిగెను. తండ్రి నావైపు చూచెను. "నిన్న సాయంకాలమునుండి" అని నేనే చెప్పితిని. ఆయన గడియారము చూచి ఆ సంగతి కాగితముమీద వ్రాసికొనెను. నన్ను ఒక్కమాటయు అనలేదు. అన్నయెడల నాకు కొంత తేలికగా ఉండెడిది.

వెన్నునుండి నీరు తీయవలెననగానే బంధువులు ఏడ్చిరి. ఆ నీరు తీసినయెడల కాళ్లు పడిపోవునని మన పల్లెలలో గట్టి భయము. డాక్టరుగారు ఓపికతో విడమరచి చెప్పెను. మెదడుచుట్టును, వెన్నుపాముచుట్టును ఒకటే నీరు ఉండును. దానిని పరీక్షించినప్పుడు లోపలనున్నది ఎట్టి జబ్బో చాలవరకు తెలియును. సూది గ్రుచ్చు చోట, నడుము క్రిందిభాగమున, వెన్నుపాము ఉండదు. గనుక కాళ్లు పడిపోవునను భయమునకు తావు లేదు. నేను తండ్రికి ధైర్యము చెప్పి వ్రేలిముద్ర వేయించితిని. ఆ రెండు దినములలో నేను చేసిన మంచిపని అదొక్కటే.

ఆయన చెప్పిన మరియొక సంగతి మీరు మనస్సున ఉంచుకొనవలెను. జ్వరముతో బిడ్డ తెలివి తప్పినప్పుడు బయటికి అన్ని జబ్బులును ఒకటిగానే కనబడును. అది జపాను మెదడువాపు కావచ్చును. ఏజెన్సీలో మెదడుకెక్కిన మలేరియా కావచ్చును. చీముపుట్టించు సూక్ష్మజీవుల వలన మెదడు పొరలకు వచ్చు వాపు కావచ్చును. హెర్పిస్ అను వైరస్ వలన వచ్చు వాపైనను కావచ్చును. వీటిలో మలేరియాకు మందు కలదు. చీము జబ్బునకు మందు కలదు. హెర్పిస్‌కు అసైక్లోవిర్ అను మందు కలదు. అవి ఎంత త్వరగా లోపలికి పోయిన అంత మేలు. జపాను మెదడువాపునకు వైరస్‌ను చంపు మందు లేకపోయినను, ఫిట్సు ఆపుటకును, మెదడు ఉబ్బు తగ్గించుటకును, శ్వాస నిలుపుటకును ఆసుపత్రిలో సాధనములున్నవి. ఇంటిలో ఏదియు లేదు. మా పిల్లవానికి ఏ క్రిమి సోకెనో చివరికి తేలలేదు. అనేక పిల్లలకు అట్లే తేలదు.

పదునొకండు దినములు వాడు కన్ను తెరువలేదు. తల్లి మంచము ప్రక్కన నేలమీద కూర్చుండి వాని అరికాళ్లు రుద్దుచుండెను. రాత్రులలో రేవునుండి ఓడల కూత వినబడుచుండెను. పండ్రెండవ దినమున కన్నులు తెరచెను. అయిదు వారములకు ఇంటికి పంపిరి.

ఇప్పుడు నా రెండవ తప్పు.

వారు ఇల్లు చేరిన మొదటి ఆదివారమే నేను కృతజ్ఞతకూటము పెట్టితిని. పొరుగు గ్రామములవారిని పిలిచితిని. బిడ్డ పూర్తిగా స్వస్థపడెనని పీఠమునుండి ప్రకటించితిని. అది నిజమని నేను నమ్మితిని. బ్రతుకుటయే బాగుపడుట అనుకొంటిని. పిల్లవాడు తల్లి ఒడిలో ఉండెను. మెడ నిలుచుటలేదు. పాట మధ్యలో పెద్దకేక వేసి, తల్లి చేయి కరచి, ఉన్నచోటనే మూత్రము విడిచెను. సభ నిశ్శబ్దమాయెను. వెనుకనుండి ఎవరో, "గాలి సోకిందర్రా" అనిరి.

ఆ మాట పల్లెయంతయు ప్రాకెను. మరుసటి వారము కొందరు నాయొద్దకు వచ్చి, ఉపవాసముండి వానిలోని దయ్యమును వెళ్లగొట్టుదమనిరి. నేను కాదనలేదు, ఆలోచింతమంటిని. ఆ తల్లి మందిరమునకు వచ్చుట మానివేసెను. ఒకనాడు నేనే వెళ్లితిని. ఆమె పొయ్యిదగ్గర కూర్చుండి, నా ముఖము చూడకయే ఇట్లనెను:

"బాగుపడ్డాడని మీరందరూ అన్నారు. మరి నా కొడుకేడండి అయ్యగారూ? ఈడు ఆడు కాదండి."

నాకు జవాబు దొరకలేదు. నేను చదివిన చదువులో ఆ ప్రశ్నకు పాఠము లేదు. పరుగెత్తి, పద్యములు చెప్పి, నవ్వించిన ఆ ఏడేండ్ల బిడ్డ తిరిగి రాలేదు. వాని దేహములో మరియొకడు వచ్చి కూర్చుండినట్లు ఆమెకు తోచెను. ఆమె పోయిన బిడ్డకొరకు ఏడ్వవలెనో, ఉన్న బిడ్డకొరకు సంతోషించవలెనో ఎరుగక నలిగిపోవుచుండగా, మేము ఆమెచేత స్తోత్రము చెప్పించితిమి.

ఆ నెలలోనే మరల చూపించుటకు ఆసుపత్రికి పోవలసియుండగా నేనును వెంట వెళ్లి, దయ్యము సంగతి దాచక డాక్టరుగారిని అడిగితిని. ఆయన ఏ ఊరు అని అడిగి, శారదానది ప్రక్కనని తెలిసికొని, ఇట్లు చెప్పెను: "వరద వచ్చి తీసిన తరువాత పొలములో ఇసుక మేట పడును గదా. నీరు పోయినది గదా అని ఆ దినమే విత్తనము వేయుదురా? ఈ పిల్లవానికి వరద తీసినది. ఇక మేట తీయవలెను. అది మా పని కొంత, మీ పని చాల."

తరువాత విడమరచి చెప్పెను. వాపు తగ్గినను, అది నలిపిన చోటులు మెదడులో మిగిలిపోవును. కోపమును అదుపుచేయు భాగము దెబ్బతిన్నప్పుడు బిడ్డ కరచును, కేకలు వేయును. అది దయ్యమును కాదు, పొగరును కాదు. జ్ఞాపకపు భాగము దెబ్బతిన్నప్పుడు ఇప్పుడు చెప్పినది ఇప్పుడే మరచును. అయితే పిల్లల మెదడునకు ఒక మేలు కలదు. చెడని భాగములు చెడిన భాగముల పనిని కొంత నేర్చుకొనగలవు. పలుమారులు చేయించినకొలది నేర్చుకొనును. మొదటి నెలలలో మార్పు త్వరగా కనబడును. తరువాత నెమ్మదిగా కొన్ని సంవత్సరములవరకు సాగును. ఫిట్సు మాత్రలు మాత్రము ఒక పూటయు తప్పరాదు. డాక్టరు చెప్పక మానరాదు.

తిరుగు బస్సులో నాకు యాయీరు కుమార్తె కథ జ్ఞాపకము వచ్చెను. దానిమీద నేను ఎన్నో ప్రసంగములు చేసియుంటిని. చనిపోయినదని అందరు ఏడ్చుచున్న ఆ పండ్రెండేండ్ల చిన్నది లేచి నడచినప్పుడు, ప్రభువు ఆ యింటివారితో చెప్పిన సంగతులు రెండే. దీనిని ఎవరికిని చాటవద్దనెను. ఆ చిన్నదానికి తినుటకు ఏమైన పెట్టుమనెను. నేను ఈ రెంటికిని సరిగా ఎదురు చేసితిని. మొదటి ఆదివారమే ఊరూర చాటితిని. ఆ బిడ్డకు ముద్ద మ్రింగుడు పడుచున్నదా, ఎవరు తినిపించుచున్నారు, తల్లి కూలికి పోయినప్పుడు ఎవరు చూచుచున్నారు అని ఒక్కమారైనను అడుగలేదు. మరణమునుండి లేపగలిగినవాడు అన్నము సంగతి మరువలేదు. అన్నము మాత్రమే పెట్టగలిగిన నేను దానిని మరచితిని.

ఆ ఆదివారము పీఠమునుండి నా తప్పు ఒప్పుకొంటిని. దయ్యపు మాట ఇక ఎవరును ఎత్తరాదని చెప్పి, డాక్టరుగారి మేట మాట చెప్పితిని. సేద్యగాండ్రకు అది వెంటనే అర్థమాయెను. నా ప్రసంగములలో అంత బాగుగా అర్థమైనది మరియొకటి లేదు.

తరువాత జరిగినదంతయు చిన్న చిన్న పనులే. ఆరు ఇండ్లవారు వారములో ఒక్కొక్క దినము పంచుకొని, తల్లి కూలికి పోవునప్పుడు బిడ్డను చూచిరి. మొదట జావ, తరువాత మెత్తని అన్నము, తల ఎత్తిపట్టి కొద్దికొద్దిగా తినిపించిరి. ఒక ముసలమ్మ రెండు గిన్నెలు ముందుపెట్టి, ఒకదానిలోని చింతపిక్కలను రెండవదానిలో కుడిచేతితోనే వేయించెను. మొదట నెలదినములు ఒక్క పిక్కయు పట్టుబడలేదు. పట్టణమునుండి నెలనెల మాత్రలు తెచ్చుట నా వంతు. బడి పంతులుగారు వానిని మరల ఒకటవ తరగతిలో కూర్చుండబెట్టుకొని, అలసినప్పుడు నిద్రపోనిచ్చెను. మాట రాకముందే వానికి పాట వచ్చెను. పదములు లేక, రాగము మాత్రము. మాట చచ్చినచోట పాట మిగులుట ఇట్టి రోగులలో కలదని డాక్టరుగారు చెప్పిరి. తొమ్మిదవ నెలలో "అమ్మా" అనెను. రెండేండ్లకు ఎడమచేతితో తన పేరు వ్రాసెను.

వాడు మునుపటివలె కాలేదు. చదువు అయిదవ తరగతితో ఆగెను. ఇప్పటికిని కొన్ని దినములలో కోపము వచ్చి గిన్నెలు విసరును. అన్నగారి టీ దుకాణములో గ్లాసులు కడుగును. పగులగొట్టినవాటి లెక్క అన్న వ్రాయడు. తల్లి మాత్రము ఒకనాడు నాతో, "ఆ గుంటడు పోయాడండి అయ్యగారూ. ఈ గుంటడున్నాడు. ఈడూ నా కొడుకే" అనెను. ఆ మాట అనుటకు ఆమెకు నాలుగేండ్లు పట్టెను. మా సంఘములో నేను వినిన సాక్ష్యములలో అది గొప్పది.

ఈ బిడ్డ ఒక్కడే కాడు. జపాను మెదడువాపు మన దేశములో మొదట 1955లో వేలూరులో కనబడెను. ఆ వైరస్ సోకినవారిలో సుమారు 250 మందికి ఒక్కరికి మాత్రమే తీవ్రమైన జబ్బు వచ్చును. కాని మెదడువాపు వచ్చినవారిలో నూటికి 30 మంది వరకు చనిపోవుదురు. బ్రతికినవారిలో నూటికి 30 మొదలు 50 మందికి ఏదో ఒక కొరత మిగులును. తక్కినవారు పూర్తిగా కోలుకొందురు. గనుక నిరాశ పనికిరాదు. తొందరపడి చాటుటయు పనికిరాదు.

మీరు చేయదగిన పనులు కొన్ని చెప్పి ముగించెదను.

జ్వరముతోనున్న బిడ్డ మనుష్యులను గుర్తుపట్టకున్నను, లేపిన లేవకున్నను, ఫిట్సు వచ్చినను, వాంతులు ఆగకున్నను ఆ గడియలోనే ఆసుపత్రికి కదలుడి. ఆనాడు మాకు జీపు తప్ప దిక్కు లేదు. 2005 మొదలు మనకు 108 వాహనము కలదు. ఫిట్సు వచ్చినప్పుడు బిడ్డను ఒక ప్రక్కకు త్రిప్పి పండుకొనబెట్టుడి. నోటిలో నీళ్లు పోయకుడి, చెంచా పెట్టకుడి, వాతలు పెట్టకుడి.

జపాను మెదడువాపునకు టీకా కలదు. దానిని మన హైదరాబాదులోనే తయారుచేయుచున్నారు. ఆ జబ్బు తిరుగు జిల్లాలలో తొమ్మిది నెలలు నిండినప్పుడు ఒకటి, 16 మొదలు 24 నెలలలోపల ఒకటి ఉచితముగా వేయుదురు. మీ జిల్లాలో ఉన్నదా అని ఆశా కార్యకర్తనో నర్సమ్మనో అడుగుడి. తట్టు కూడ మెదడువాపు తేగలదు. ఆ టీకాయు మానకుడి. ఈ వైరస్‌ను మోయు దోమ వరిమడి నీటిలో పుట్టి, ప్రొద్దుగ్రుంకిన తరువాత కుట్టును. వైరస్ పందులలోను కొంగలలోను పెరుగును. పందుల దొడ్లు ఇండ్లకు దూరముగా ఉంచుడి. పిల్లలను దోమతెరలో పండుకొనబెట్టుడి.

కసింద మొక్కను ఎరుగుదురు గదా. మన ఏజెన్సీకి ఆవలనున్న ఒడిశా మల్కనగిరి జిల్లాలో 2016లో నూరుమందికి పైగా పిల్లలు మెదడు జబ్బుతో చనిపోయిరి. కొందరిలో జపాను మెదడువాపు వైరస్ కనబడెను. కొందరి దేహములో కసింద గింజల విషము కనబడెను. ఆకలిగొన్న పిల్లలు ఆ కాయలు తినకుండ చూడుడి.

చివరి మాట. ఇట్టి జబ్బునుండి బ్రతికి వచ్చిన బిడ్డ మీ వీధిలో ఉండవచ్చును. వానిని పిచ్చివాడని పిల్లలు రాళ్లు రువ్వుచుండవచ్చును. తల్లి మందిరమునకు రాక తలుపు వేసికొని యుండవచ్చును. ఆమెచేత సాక్ష్యము చెప్పించుటకు తొందరపడకుడి. ఈ వారములోనే ఒక గిన్నెలో అన్నము పట్టుకొని వెళ్లుడి. ఆమె తినునంతసేపు బిడ్డను మీరు ఎత్తుకొనుడి. వాడు కరచినయెడల కరవనిండు. మరుసటి వారము మరల వెళ్లుడి.